ఆటగాళ్ల రేడియో వ్యాఖ్యానం – తెలుగువారు

ఆట మానుకున్నాక మైకు ముందు కూర్చుని ఆటను వినిపించిన క్రీడాకారుల చరిత్ర ఇది. అమెరికాలో ఇది బేస్‌బాల్‌తో మొదలైంది. పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ కేంద్రం 1921లో బేస్‌బాల్ ఆటను ప్రసారం చేయగా, 1932లో క్లీవ్‌లాండ్ జట్టు మాజీ ఆటగాడు జాక్ గ్రేనీ వ్యాఖ్యాత అయ్యాడు. వృత్తి ఆటగాళ్లలో ఆ పనికి వచ్చిన మొదటివాడు ఆయనే. మన దేశంలో ఆ చోటు క్రికెట్‌ది. 1934లో బొంబాయిలో తొలి వ్యాఖ్యానం చేసిన ఏ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్ టెస్ట్ ఆటగాడు కాదు.

టెస్టులు ఆడి రేడియోకు వచ్చిన తెలుగువారిలో ముందుగా చెప్పుకోవలసినది విజ్జీని. విజయనగరం మహారాజ్‌కుమార్ పూసపాటి విజయానంద గజపతిరాజు 1905 డిసెంబరు 28న పుట్టాడు. కాశీలోని తన భవనం ఆవరణలోనే క్రికెట్ మైదానం వేయించాడు. శాసనోల్లంఘన రోజుల్లో ఇంగ్లండ్‌కు చెందిన ఎంసీసీ జట్టు పర్యటన రద్దయితే, 1930–31లో సొంత జట్టు కట్టి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి భారత్, సిలోన్‌లలో ఆడించాడు. ఆ రోజుల్లో ఇంకొకరు తలపెట్టలేని పని అది. 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించాడు. మూడు టెస్టుల్లో 33 పరుగులు, సగటు 8.25. రెండు ఓడి, ఒకటి డ్రా. జట్టులోని లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలో ఇంటికి పంపడం ఆయన పేరుకు మాయని మచ్చ. మాంచెస్టర్ డ్రాలో 114 పరుగులు చేసిన విజయ్ మర్చంట్ తరువాతి కాలంలో వివిధభారతిలో ఆదివారం క్రికెట్ కార్యక్రమం నడిపాడు. ఒకే జట్టు నుంచి రెండు గొంతులు వచ్చాయి.

1954 నుంచి 1956 వరకు విజ్జీ క్రికెట్ బోర్డు అధ్యక్షుడు. 1958లో పద్మభూషణ్ అందుకున్నాడు. ఆకాశవాణి వ్యాఖ్యాతగా కూడా తెలిసిన పేరు. 1959లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు బీబీసీ ఆయనను అతిథి వ్యాఖ్యాతగా పిలిచింది. 1960లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశాడు. నాయకుడిగా ఓడి వచ్చిన ఇంగ్లండ్‌కే ఇరవై మూడేళ్ల తరువాత మైకు పట్టుకుని వెళ్లడం ఆయన జీవితంలోని మంచి ఘట్టం.

ఆయన తరువాత సికింద్రాబాదులో పుట్టి 39 టెస్టులు ఆడిన ఎం.ఎల్. జయసింహ కూడా వ్యాఖ్యాత అయ్యాడు. క్రికెటర్ సి.కె. నాయుడు కుమార్తె చంద్రా నాయుడు, కాలేజీలో క్రికెట్ ఆడిన ఇంగ్లిషు ఆచార్యురాలు, 1977లో ఇండోర్‌లో ఎంసీసీ మ్యాచ్‌కు వ్యాఖ్యానం చేసి దేశంలో తొలి మహిళా వ్యాఖ్యాతగా నిలిచింది. మచిలీపట్నం మూలాలున్న ఆ ఇంటి గౌరవాన్ని ఆమె ఇంకో మెట్టు ఎక్కించింది.

వీరి గొంతు తెలుగువారిదే గాని మాట ఇంగ్లిషు. ఆకాశవాణి టెస్ట్ వ్యాఖ్యానం ఇంగ్లిషులోనూ హిందీలోనూ వచ్చేది. అనంతపురం మెట్ట నేలల్లో, శనక్కాయ చేల గట్టు మీద ట్రాన్సిస్టర్ పెట్టుకున్న శ్రోతకు స్కోరే అర్థమయ్యేది. ఆటగాళ్లు తెలుగులో విస్తారంగా మాట్లాడింది టీవీలోనే. 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానెల్ వచ్చాక గుంటూరు ఎం.ఎస్.కె. ప్రసాద్, హైదరాబాదు వెంకటపతి రాజు, విశాఖ వేణుగోపాలరావు ఆ పీఠమెక్కారు. ఇక ఆటే ఆ అనంతపురానికి వచ్చింది: 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు కొన్ని అక్కడి ఆర్డీటీ మైదానంలో జరిగాయి. ఒకప్పుడు రేడియోలో మాత్రమే ఆటను ఎరిగిన ఊరివాళ్లు కళ్లారా చూశారు.