ప్రైవేటు ఫిర్యాదు: మేజిస్ట్రేటు విచక్షణాధికారము

నేరబాధితుడు పోలీసువారిని ఆశ్రయింపకయో, ఆశ్రయించియు ఫలము గానకయో, నేరుగా మేజిస్ట్రేటునకు చేసికొను నివేదనమునకు ప్రైవేటు ఫిర్యాదని పేరు. దానినుండి పుట్టిన వ్యవహారమును లోకులు ప్రైవేటు కేసందురు. అట్టి ఫిర్యాదుపై ముద్దాయికి సమను పంపవలెనా, తోసిపుచ్చవలెనా యని నిశ్చయించు అధికారము భారతదేశమున మేజిస్ట్రేటుది.

1861లో వెలువడిన క్రిమినల్ ప్రొసీజరు కోడు 1872లోను 1882లోను పునారచితమై, 1898లో చిరకాలము నిలిచిన రూపము దాల్చినది. దాని 200వ సెక్షను ననుసరించి ఫిర్యాదిని ప్రమాణముపై విచారించి, సంశయము పొడమినచో 202 క్రింద సమను నిలిపి నిజానిజముల నారయించి, ఆధారము చాలనిచో 203 క్రింద కారణములు వ్రాసి కొట్టివేయుటయు, చాలినచో 204 క్రింద సమనో వారంటో పంపుటయు మేజిస్ట్రేటు కర్తవ్యమైయుండెను. 1973 నాటి కోడులోను ఈ సంఖ్యలు మారలేదు. నేరమును గూర్చి ఎవ్వరైనను ఫిర్యాదు చేయవచ్చునని సుప్రీంకోర్టు 1984లో అంతులే యను నాయకునిపై నడచిన వ్యవహారమున స్పష్టపరచినను, పరువునష్టము వంటి కొన్నిటికి బాధితుడే రావలెను. ప్రభుత్వోద్యోగి విధినిర్వహణలో చేసిన పనులకు ప్రభుత్వపు అనుమతి కావలెను.

విచక్షణకు మేర యెంత? సమను పంపుటకు ముందు ముద్దాయి న్యాయస్థానమునకు వచ్చి జరుగుచున్నది వినవచ్చునే గాని వాదించు హక్కు అతనికి లేదనియు, మేజిస్ట్రేటు చూడవలసినది వ్యవహారము ముందునకు సాగుటకు తగిన ఆధారమునే గాని శిక్షకు చాలిన ఆధారమును గాదనియు 1963లో సుప్రీంకోర్టు తీర్మానించెను. విచారణకు ముందే మరియొక విచారణ జరుగరాదను ఈ తర్కము సహేతుకమే. కాని పగవాని ప్రమాణమొక్కటే ఆధారముగా గౌరవనీయులు బోనెక్కవలసి వచ్చుటయు అరుదు గాదు. సమను పంపుట సామాన్యకార్యము గాదనియు, మేజిస్ట్రేటు మనస్సు పెట్టి సాక్ష్యమును పరికింపవలెననియు 1997లో సుప్రీంకోర్టు పెప్సీ ఫుడ్సు తీర్పు హెచ్చరించినది అందుచేతనే. ఆపై 2004లో, ఒకమారు పంపిన సమనును మేజిస్ట్రేటే ఉపసంహరింపజాలడని తేలినందున, పొరపాటును దిద్దించుకొనుటకు ముద్దాయి హైకోర్టు దాకా పోవలసివచ్చెను. ఇది పేదవానికి కఠినమైన నియమమే. న్యాయస్థానపు పరిధికి ఆవల నివసించు ముద్దాయికి సమను పంపుటకు ముందు విచారణ తప్పనిసరియని 2005లో చేసిన సవరణ కొంత ఊరట కూర్చినది.

ఆంధ్రప్రదేశమునుండి వెళ్లిన యొక వ్యవహారమున 1976లో మరియొక భేదము స్థిరపడెను: సెషన్సు కోర్టే విచారింపదగిన నేరమైనను, మేజిస్ట్రేటు దానిని విచారణకు స్వీకరింపక మునుపు కోడులోని 156(3) క్రింద పోలీసులకు దర్యాప్తునకై పంపవచ్చును, స్వీకరించిన పిమ్మట 202 క్రింద పంపరాదు. పోలీసులను కదలించుటకై పలువురు ఈ 156(3) మార్గమునే యెన్నుకొనుటచే, అందలి దుర్వినియోగము నరికట్టుటకు 2015లో సుప్రీంకోర్టు అఫిడవిటును విధించినది.

1973 నాటి కోడు స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షను పాతక్రమమును తలక్రిందులు చేసినది: ముద్దాయికి తన మాట చెప్పుకొను అవకాశ మీయక మేజిస్ట్రేటు ఫిర్యాదుపై నేరమును విచారణకు స్వీకరింపరాదు. అతడు ఆ దశలో ఏమేరకు వాదింపవచ్చునో ఆ సెక్షను వివరింపలేదు.