మగబిడ్డ కోసం ఎవరి విస్తట్లో ఏం వడ్డించారు

గుంటూరు వైపు ఆడపిల్లకు సున్నుండలు పెట్టే సందర్భాలు అందరికీ తెలిసినవే. పెద్దమనిషైతే పెడతారు, నువ్వుల చిమ్మిలితో పాటు. కాపురానికి పంపేటప్పుడు సారెలో పెడతారు. నడుముకు బలం అంటారు. ఇవి కాక బయటికి చెప్పని సందర్భం ఒకటుంది. వరసగా ఆడపిల్లలు పుట్టిన కోడలికి, మళ్ళీ నెల తప్పకముందే తినిపించే సున్నుండలు అవి. నాకు రెండో అమ్మాయి పుట్టిన మరుసటి సంక్రాంతికి అత్తగారి ఊరి నుంచి స్టీలు డబ్బా నిండా వచ్చాయి. పొట్టు మినుములు సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, తిరగట్లో విసిరి, బెల్లం తురుము కలిపి, కాచిన ఆవునెయ్యి పోసి కట్టిన ఉండలు. మావారు ఒకటి తీసి నోట్లో వేసుకోబోతే మా పెద్దాడపడుచు చేతిమీద ఒక్కటిచ్చింది. "అవి దానికిరా, నీకెందుకు?" అంది.

ఆ మాట దగ్గరే నాకు పేచీ. ఎందుకంటే మన పాత పుస్తకాలు అలా చెప్పలేదు.

మా నాన్న ఊళ్ళో ఆయుర్వేద వైద్యుడు. చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, అప్పటి గుంటూరు ప్రకాశం జిల్లాల పొలిమేరలో మా ఊరు. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నాన్న బీరువాలోని గ్రంథాలూ, పదో తరగతి అనువంశికత పాఠమూ రెండూ చదివినదాన్ని కాబట్టి ఈ సంగతి రాయడానికి కొంచెం హక్కుందనుకుంటాను.

కోరిన బిడ్డ కోసం ముందుగానే ఏం తినాలో చెప్పిన పాత గ్రంథం బృహదారణ్యకోపనిషత్తు. ఆరో అధ్యాయం చివర్లో వంటల పట్టికలాంటిది ఉంది. తెల్లగా ఉండి ఒక వేదం చదివే కొడుకు కావాలంటే పాలతో వండిన అన్నం. రెండు వేదాల కొడుక్కి పెరుగన్నం. నల్లగా ఉండి మూడు వేదాలు వచ్చిన కొడుక్కి నీళ్ళతో వండిన అన్నం. అన్ని వేదాలూ తెలిసి సభల్లో నెగ్గుకొచ్చే కొడుక్కి మాంసంతో వండిన అన్నం. అన్నిటికీ నెయ్యి తప్పనిసరి. ఈ వరసలోనే పండితురాలైన కూతురు కావాలనుకునేవాళ్ళకు నువ్వులతో వండిన అన్నం చెప్పారు. ఆడపిల్లని కావాలని కోరుకునే తల్లిదండ్రులు కూడా ఉంటారని ఆ కాలం ఒప్పుకుంది. తర్వాత భాష్యం రాసిన శంకరాచార్యులు ఆ పాండిత్యం ఇంటి పనులకు సంబంధించిందేనని సర్దిచెప్పారు. అది వేరే కథ. ఇక్కడ నేను పట్టుకునేది ఒక్కటే. ఆ వంటలన్నీ భార్యాభర్తలిద్దరూ తినాలి.

చరకసంహితదీ అదే దారి. తండ్రి శుక్రం ఎక్కువైతే కొడుకు, తల్లి శోణితం ఎక్కువైతే కూతురు అన్నది చరకుడి సిద్ధాంతం. అందుకని శారీరస్థానంలో పథ్యం ఇద్దరికీ రాశాడు. మగవాడికి తీపి మూలికలతో కాచిన పాలు, నెయ్యి. ఆడమనిషికి నూనె, మినుములు. రుతువు మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి సరి రాత్రులు కొడుక్కి, బేసి రాత్రులు కూతురికి అన్న లెక్కా అందులోనే ఉంది. మినుములు ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆడవాళ్ళ వాటాలో ఉండిపోయాయి. మగవాడి గ్లాసు పాలే దారిలో ఎక్కడో మాయమయ్యాయి.

చరకుడి పుస్తకంలో మా గుంటూరు వాళ్ళం నవ్వుకునే మాట కూడా ఒకటుంది. గర్భిణి రోజూ కారం తింటే బిడ్డ బలహీనుడవుతాడని, వాడికి సంతానం లేకుండా పోవచ్చని అంటాడు. ఆయనకు తెలిసిన కారం మిరియాలు, పిప్పళ్ళది. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో వచ్చింది చాలా వందల ఏళ్ళ తర్వాత. ఆ లెక్కన గొడ్డుకారంతో అన్నం కలుపుకునే మా జిల్లాలో వంశాలన్నీ ఎప్పుడో ఆగిపోయి ఉండాలి.

మగవాడు విస్తరి ముందు నుంచి ఎప్పుడు లేచాడు? నాకు తోచింది ఇది. తినాల్సిన సమయం కడుపు పండక ముందు నుంచి, పండిన తర్వాతకి జరిగింది. అప్పటికి ఆయన తినడానికి మిగిలిందేమీ లేదు. గృహ్యసూత్రాల్లో మగబిడ్డ కోసం చెప్పిన పుంసవనం అనే సంస్కారం నెల తప్పాక చేసేది. ఆశ్వలాయనుడు మూడో నెలలో భార్య చేత పెరుగులో రెండు మినపగింజలు, ఒక యవగింజ వేసి తాగించమంటాడు. ఆ రెండూ ఒకటీ దేనికి గుర్తో విడమరచి చెప్పక్కర్లేదు. మన తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో ఎక్కువమంది పాటించే ఆపస్తంబ సూత్రంలో మర్రిచెట్టుకు తూర్పుగానో ఉత్తరంగానో సాగిన కొమ్మది, రెండు కాయలతో ఉన్న చిగురు తెచ్చి నూరించాలి. ఆ రసాన్ని భర్త తన బొటనవేలితో భార్య కుడి ముక్కులో వేస్తాడు. నూరేది ఎవరో తెలుసా? ఇంకా పెద్దమనిషి కాని ఆడపిల్ల. మగపిల్లాడి కోసం మందు నూరే పని ఆడపిల్లకి అప్పజెప్పిన ఆ సూత్రకారుడికి అందులో తేడా ఏమీ కనబడలేదు.

పురాణాల్లోనూ అంతే. పుత్రకామేష్టి పాయసాన్ని దశరథుడు ముగ్గురు భార్యలకు పంచాడే గాని తాను తాగలేదు. ఋచీకుడు తన భార్య సత్యవతికి బ్రాహ్మణ స్వభావం గల కొడుకు కోసం ఒకటి, అత్తగారైన రాణికి క్షత్రియ స్వభావం గల కొడుకు కోసం ఒకటి చరువు (హోమాన్నం) వండి ఇస్తే, తల్లీకూతుళ్ళు మార్చుకుని తిన్నారు. దాంతో రాజుగారింట బ్రహ్మర్షి విశ్వామిత్రుడు పుట్టాడు, ఋషి ఇంట పుట్టాల్సిన క్షత్రియ స్వభావం ఒక తరం జరిగి పరశురాముడికి వచ్చింది. కథ గొప్పది. కానీ వంట మగవాడిది, తిండి ఆడవాళ్ళది, పొరపాటూ ఆడవాళ్ళదే.

ఈ పాలూ నెయ్యీ వరి అన్నమూ మా మెట్ట ఊళ్ళలో ఎంతమందికి అందేవి? డెల్టాలో తెనాలి, బాపట్ల వైపు వరి కోతకు ముందే మాగాణిలో మినుము చల్లేవాళ్ళు. మా వైపు జొన్నకూడు, వరిగన్నం. నాగార్జునసాగర్ కాలవలకు నీళ్ళు వదిలింది 1967లో. ఆ తర్వాతే మా ఊళ్ళలో రోజూ వరి అన్నం ఉడికింది. కోడలికి నేతి సున్నుండలు పెట్టి కొడుకు కోసం ఎదురుచూడడమనేది నాలుగెకరాలు పైబడినవాళ్ళ ముచ్చట. మిరపకోతకు, పత్తితీతకు పోయే ఆడవాళ్ళకు అలాంటి ముచ్చట తీర్చినవాళ్ళు లేరు. వాళ్ళకు చెట్టుమందు, తాయెత్తు, మొక్కు.

నాన్న దగ్గరికి అందరూ వచ్చేవాళ్ళు. ఒకరోజు పక్క ఊరి పెద్దావిడ కోడల్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్లకి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, చంకలో ఒకతె, కొంగు పట్టుకుని ఇంకొకతె. "మగపిల్లాడు పుట్టే మందు ఇప్పించండి ఆచారిగారూ" అంది పెద్దావిడ. నాన్న కోడలి నాడి చూసి, కళ్ళ కింద రెప్ప లాగి చూసి, "ఈ పిల్లకి రక్తం లేదమ్మా. ముందు ఇంకో రెండేళ్ళు ఆగండి" అన్నాడు. ఆవిడ వినలేదు. అప్పుడు నాన్న, "మందు ఉందమ్మా. కానీ అది మీవాడికి. శాస్త్రంలో పాలూ నెయ్యీ వాడికే రాశారు. మూణ్ణెల్లు చుట్ట, సారా మానిపించి తీసుకురా" అన్నాడు. పెద్దావిడ ముఖం మాడిపోయింది. "మావాడికేం రోగం?" అని కోడలి రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నాన్న శాస్త్రాన్ని నమ్మి అన్నాడో, ఆ పిల్లని కాపాడడానికి అన్నాడో నేను అడగలేదు.

సిద్ధాంతం తప్పే అయినా నాన్న వేలు చూపించిన మనిషి మాత్రం సరైన మనిషే. 1905లో అమెరికాలో నెటీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త నిల్వ పిండిలో పెరిగే ఒక పురుగు కణాలను సూక్ష్మదర్శిని కింద చూసింది. ఆడపురుగులో ఇరవై పెద్ద క్రోమోజోములు. మగపురుగులో పంతొమ్మిది పెద్దవి, ఒకటి బుల్లిది. మగపురుగు బీజకణాల్లో సగానికి ఆ బుల్లిది చేరుతుంది, సగానికి చేరదు. దాన్నిబట్టే పిల్ల ఆడో మగో తేలుతుందని ఆమె చెప్పింది. మనుషుల్లోనూ తేల్చేది తండ్రి నుంచి వచ్చే ఎక్స్ లేదా వై. ఈ పాఠం నేను చెప్పిన ప్రతి ఏడూ క్లాసులో అబ్బాయిలు కిసుక్కున నవ్వేవాళ్ళు. అమ్మాయిలు నవ్వేవాళ్ళు కాదు, నోట్సులో అండర్‌లైన్ చేసుకునేవాళ్ళు.

మరి ఇంతకాలం ఈ మందులు ఎలా బతికాయి? లెక్క తేలిక. ప్రపంచమంతటా వంద మంది ఆడపిల్లలకు సుమారు నూట అయిదుగురు మగపిల్లలు పుడతారు. బూడిద ఇచ్చినా సగానికి పైగా గెలుపే. ఆడపిల్ల పుడితే డబ్బు వాపసు అనేవాడు కూడా నష్టపోడు. గెలిచినవాళ్ళు నలుగురికి చెబుతారు, ఓడినవాళ్ళు కోడలు పథ్యం తప్పిందంటారు.

కొడుకు మీద ఆశ మా నేలలో తిండితో పుట్టింది కాదు, భూమితో పుట్టింది. కూతురికి పసుపుకుంకుమ కింద ఎకరమో అరెకరమో రాసిచ్చే అలవాటు కోస్తాలో ఉంది. పత్తి డబ్బు పెరిగాక కట్నం నగదైంది, రేటు పంటను మించింది. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసిన ఏడు, పెళ్ళీడు కూతుళ్ళున్న ఇళ్ళలో ఏం జరిగిందో ఈ రెండు జిల్లాలకూ తెలుసు. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతురికి సమాన హక్కునిస్తూ రాష్ట్రం 1986లోనే చట్టం సవరించింది. కాగితం మీద హక్కు వచ్చింది, ఇళ్ళలోకి కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పే స్కానింగ్ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 975, 2001లో 961, 2011లో 939. ఆ అంకెలు దిగింది సున్నుండల వల్ల కాదు. కానీ సున్నుండ పెట్టిన చెయ్యీ, స్కానింగ్‌కి తీసుకెళ్ళిన చెయ్యీ ఒక్కటే.

చదువుకున్న ఇళ్ళలో తిండి పథ్యం ఇప్పుడు సైన్సు పేరుతో తిరిగొచ్చింది. దాని మూలం 1980 నాటిది. పారిస్‌లో స్టోల్కోవ్‌స్కీ, కెనడాలో లోరాన్ అనే ఇద్దరు ఉప్పు, పొటాషియం ఎక్కువున్న తిండి తల్లి తింటే కొడుకని, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే కూతురని ప్రకటించారు. అంటే అరటిపండు, ఉప్పు అబ్బాయికి. పాలు, పెరుగు అమ్మాయికి. ఉపనిషత్తులో పాలన్నం కొడుక్కి, పారిస్‌లో పాలు కూతురికి. 2008లో బ్రిటన్‌లో తొలిచూలు గర్భిణులు 740 మందిని పరిశీలించి, గర్భానికి ముందు బాగా తిన్న మూడోవంతులో 56 శాతం మగపిల్లలు, తక్కువ తిన్న మూడోవంతులో 45 శాతం అని రాశారు. పొద్దున్నే సీరియల్ తినడం వల్లనని పేపర్లు మోగించాయి. మరుసటి ఏడే గణాంక నిపుణులు లేచి, 132 రకాల తిండి పదార్థాలు పరీక్షిస్తే ఏదో ఒకటి కాకతాళీయంగా పొసగడం మామూలేనన్నారు. ఈ అధ్యయనాలన్నీ చూసింది కూడా ఆడదాని కంచంలోకే.

తిండితో ఆగితే నవ్వుకుని ఊరుకోవచ్చు. ఉత్తరాదిలో కొడుకు మందుగా అమ్మే పొళ్ళలో ఎక్కువగా దొరికినవి రెండు. ఒకటి శివలింగి, మన కంచెల మీద పాకే లింగదొండ. రెండోది మాచికాయ. గర్భం మొదటి వారాల్లో ఇవి మింగిన హర్యానా తల్లుల మీద జరిగిన పరిశోధన 2015 ప్రాంతంలో అచ్చయింది. బిడ్డలకు పుట్టుకతో వచ్చే లోపాలకు, చనిపోయి పుట్టడానికి ఈ మందులతో సంబంధం ఉందని అందులో తేలింది. కొన్ని పొళ్ళలో హార్మోన్లలా పనిచేసే పదార్థాలు దొరికాయి.

1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టాన్ని 2003 ఫిబ్రవరిలో మార్చి, గర్భానికి ముందు జరిగే ఎంపికను కూడా నేరం చేశారు. ఫలానా లింగం బిడ్డ పుట్టే అవకాశం పెంచడానికి ఏ పదార్థాన్ని ఇచ్చినా, రాసిచ్చినా, సమకూర్చినా లింగ ఎంపికే. ఆ ఎంపికను స్త్రీ మీద గాని, పురుషుడి మీద గాని, ఇద్దరి మీద గాని చెయ్యకూడదంది చట్టం. శాస్త్రీయమో కాదో అక్కర్లేదు, ప్రకటన ఇచ్చినా చాలు, మూడేళ్ళ దాకా జైలు. మగవాణ్ణి మళ్ళీ లెక్కలోకి తీసుకున్నది, ఇన్నాళ్ళకి, ఈ చట్టమే.

అందుకే పొడి ఇచ్చేవాడు ఇప్పుడు దాన్ని కొడుకు మందు అనడు, బలానికి అంటాడు. సున్నుండలు బలానికే, నేను కాదనను, ఆడపిల్లలూ తినాలి, అల్లుళ్ళూ తినాలి. ఎవరైనా మీ చేతిలో పొట్లం పెట్టి "కడుపు పండాలంటే ఇది తిను తల్లీ" అంటే, "మరి మా ఆయనకేదండీ?" అని అడగండి. అతను తడబడితే ఆ పొట్లం దేనికో మీకు తెలిసిపోతుంది. దాని మీద ఫిర్యాదు తీసుకోవాల్సిన అధికారి జిల్లాలో ఉన్నారు.