దుగరాజపట్నం ఫిరంగులు: అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతంలో అధికారంపై ఒక పరిశీలన

నెల్లూరు సీమలోని వాకాడు మండలంలో, పులికాట్ సరస్సుకు ఉత్తరాన, సముద్రం ఒడ్డున దుగరాజపట్నం ఉంది. 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం వేసింది. దాని రికార్డుల్లో ఈ ఊరి పేరు ఆర్మగాం. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకున్న మొదటి చోటు ఇదే. 1628 నాటికి గిడ్డంగి చుట్టూ 12 ఫిరంగులు, కాపలాకు ఉద్యోగులూ సైనికులూ కలిపి 23 మంది ఉన్నారు. అయినా దిగిన పద్నాలుగేళ్లకే ఆ స్థావరాన్ని వదిలేసి మద్రాసుకు వెళ్లిపోయారు. బలం చాలినంత ఉన్నచోట అధికారం ఎందుకు నిలవలేదు? అంతర్జాతీయ సంబంధాల శాస్త్రం ఈ రెంటినీ తరచూ ఒకటిగానే లెక్కగడుతుంది. ఈ శాస్త్ర సిద్ధాంతకర్త మోర్గెంతో 1948లో అధికారాన్ని ఇతరుల మనసుల మీదా చేతల మీదా ఉండే పట్టుగా నిర్వచించి కూడా, లెక్కకు వచ్చేసరికి భూమి, వనరులు, సైన్యం అంటూ జాబితా రాశాడు. 1979లో మరో సిద్ధాంతకర్త వాల్ట్జ్ ఆ జాబితానే వ్యవస్థకు పునాది చేశాడు. నా వాదన ఇది: ఈ తీరంలో అధికారం ఎవరి చేతిలో ఉందో తెలియాలంటే ఫిరంగులను కాదు, ఒప్పందాలను చూడాలి, ఎవరు అనుమతి ఇస్తున్నారు, ఎవరు ఒప్పందం నుంచి తప్పుకోగలరు అన్నది చూడాలి.

డచ్చివాళ్లు 1610లో పులికాట్‌లో అడుగుపెట్టింది చంద్రగిరి రాయల అనుమతితోనే. 1612లో పోర్చుగీసులు ఆ స్థావరాన్ని ధ్వంసం చేస్తే, 1613లో గెల్డ్రియా కోట లేచింది. ఇంగ్లీషువాళ్ల సంగతి ఇంకా స్పష్టం. మచిలీపట్నంలో స్థానిక అధికారులతో పొసగక 1628లో అక్కడి వ్యాపారాన్ని దుగరాజపట్నానికి మార్చారు. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఫర్మానా ఇచ్చి, ఏటా 500 పగోడాలు కడితే మచిలీపట్నంతో సహా తన రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చన్నాడు. ఫిరంగులు తేలేకపోయినదాన్ని ఒక కాగితం తెచ్చిపెట్టింది. దుగరాజపట్నంలో మాత్రం స్థానిక నాయకుడితో సఖ్యత లేదు. సరుకు చాలినంత దొరకలేదు. ఇక్కడి ముఖ్యాధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి చూస్తే అక్కడ బట్ట ఐదో వంతు చవక. 1639లో అక్కడి పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసులో కోట కట్టుకోనిచ్చి, సుంకాల్లో రాయితీలిచ్చాడు. తనకు పర్షియా గుర్రాలు కావాలన్నాడు. బేరం ఇద్దరిదీ. ఇంగ్లీషువాళ్లను అక్కడికి రప్పించింది నాయకుడు చూపిన లాభమే.

ఆ బట్ట వెనక ఉన్న నేతగాడి దగ్గర ఆగాలి. ఆగ్నేయాసియా దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే ఈ తీరపు బట్టే మారకం. చిరివేరు రంగు వేసిన అద్దకాలకు అక్కడ గిరాకీ. దక్షిణాది నేత ఒప్పందాలపై 2001లో ప్రసన్నన్ పార్థసారథి ప్రచురించిన పరిశోధన ఒక నియమాన్ని బయటపెట్టింది: బయానా తిరిగిచ్చేసి ఒప్పందం రద్దు చేసుకునే వీలు నేతగాడికి ఉండేది, వర్తకుడికి ఉండేది కాదు. నచ్చకపోతే మగ్గంతో సహా మరో సీమకు వలసపోయేవాడు. దుగరాజపట్నానికీ ఈ నియమాన్ని అన్వయించడం నా ఊహే గానీ, సరుకు కోసం ఊరు మారాల్సి వచ్చిన కంపెనీ స్థితికి అది చక్కగా సరిపోతుంది. 2005లో బార్నెట్, డువాల్ అధికారాన్ని నాలుగు రకాలుగా విడదీశారు. వాటిలో సంస్థాగత అధికారం అన్నది ఇలా నియమాల గుండా పనిచేసేదే. నేతగాళ్లను కీర్తించడం నా ఉద్దేశం కాదు. కరవు కాలాల్లో ఇదే తీరం నుంచి డచ్చివాళ్లు మనుషులను బానిసలుగా కొని ఓడలెక్కించారు. ఆకలి ముందు ఏ ఒప్పందపు హక్కూ నిలవలేదు.

కంపెనీలు రాజ్యాలు కావు కదా, వాటితో రాజ్యాల సిద్ధాంతాన్ని ఎలా పరీక్షిస్తారని అడగవచ్చు. యుద్ధం చేసే, సంధి కుదుర్చుకునే హక్కును డచ్చి కంపెనీకి 1602 నాటి పట్టాయే ఇచ్చింది. కనుక ఈ అభ్యంతరం నిలవదు. రెండోది గట్టిది: చివరికి గెలిచింది ఫిరంగే కదా? యూరోపియన్ల పరస్పర పోరులో, సముద్రం మీద ఫిరంగి మాట నెగ్గిన మాట నిజం. కానీ నెల్లూరు సీమ కంపెనీ ఏలుబడిలోకి వచ్చింది 1801లో, కర్ణాటక నవాబుతో ఒప్పందం ద్వారా. అంటే దుగరాజపట్నంలో దిగిన 175 ఏళ్లకు. నవాబు అప్పులు, భూమి శిస్తు, పోటీ కొనుగోలుదార్లు లేకుండా పోవడం ఆ 175 ఏళ్ల నడుమ జరిగినవి. పద్దెనిమిదో శతాబ్దం చివర కంపెనీ నేతగాడి రద్దు హక్కును తీసేసి, మగ్గాల దగ్గర బంట్రోతులను పెట్టింది. సైన్యబలం అక్కరకొచ్చింది ఈ నియమాలను తిరగరాయడానికే. బలాన్ని నేను కాదనడం లేదు; అది ఏ సంబంధాల గుండా పనిచేస్తుందో చెప్పకుండా లెక్క పూర్తి కాదంటున్నాను. మన విశ్వవిద్యాలయాల రాజనీతిశాస్త్ర శాఖలు 1648 నాటి వెస్ట్‌ఫాలియా సంధి పక్కన 1610 నాటి పులికాట్ అనుమతిని, 1626 నాటి దుగరాజపట్నం స్థావరాన్ని కూడా పాఠంగా చేర్చాలి.