కవరు విప్పని పోస్ట్‌మ్యాన్

రెండు శాతం గుర్తులు. వాటిని ఆనుకుని ‘బౌండింగ్ బాక్స్’ అన్న మాట. ఆ పక్కన నాలుగు అంకెలు. బొమ్మల్ని అచ్చుకు పంపే ఈపీఎస్ ఫైలును ఎప్పుడైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసినవాళ్లకు మొదటి వరసల్లోనే ఈ లైను తగిలి ఉంటుంది. ఆ నాలుగు అంకెలూ బొమ్మకు ఎడమ, కింద, కుడి, పై హద్దులు. అంగుళాన్ని 72 పాయింట్లు చేసి కొలిచినవి. తమాషా ఏమిటంటే, ఈ లైనును ప్రింటరు చదవదు. ప్రింటరుకు ఆజ్ఞలిచ్చే పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో శాతం గుర్తు పెట్టాక ఆ వరసలో ఏం రాసినా ప్రింటరు దాటేసి పోతుంది. ఇది పేజీమేకర్‌లాంటి, పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు కోసం రాసిన లైను. ఆ సాఫ్ట్‌వేరేమో ఇలాంటి పైపై వివరాలు చూసుకుని, కింద వందల లైన్లలో ఉన్న అసలు బొమ్మ జోలికి పోదు. కవరు మీది చిరునామా చదివి, లోపలి ఉత్తరం విప్పకుండా తెచ్చి ఇచ్చే పోస్ట్‌మ్యాన్ అనుకోండి.

శుభలేఖ మీది వినాయకుడు, కరపత్రం మీది పార్టీ గుర్తు, సైన్సు పుస్తకంలో గుండె బొమ్మ. ఒక సాఫ్ట్‌వేరులో గీసి, ఇంకోదానిలో పేజీకెక్కించి, మూడో చోట అచ్చువేస్తారు. ఈ మూడు మజిలీలూ గీత చెదరకుండా దాటడం ఎలాగన్న చిక్కుకు 1980లలో అమెరికాలో దొరికిన జవాబే ఈ మూసిన కవరు.

అంతకుముందు బొమ్మ అంటే వస్తువు. చేత్తో పట్టుకోవచ్చు. లెటర్‌ప్రెస్ రోజుల్లో ఆర్టిస్టు నల్లసిరాతో గీసిస్తే, దాన్ని ఫొటో తీసి, జింకు రేకు మీద ఆమ్లంతో తినిపించి బ్లాకు చేసేవారు. చిన్న ఊళ్ల ప్రెస్సుల వాళ్లు దాని కోసం బ్లాక్ మేకరున్న పట్నానికి పంపి ఎదురుచూడాల్సిందే. ఆఫ్‌సెట్ వచ్చాక బ్లాకు పోయి బ్రోమైడ్ వచ్చింది. కత్తిరించి, వెనక జిగురు రాసి, షీటు మీద స్కేలు పెట్టి అతికించేవారు. కొంచెం వంకరగా అతికిందంటే పుస్తకమంతా వంకరే.

ఈ కథలో ముఖ్యుల్లో ఒకరు ఆ బ్లాకుల ఇంటినుంచే వచ్చారు. చార్లెస్ గెష్కీ తాత, తండ్రి ఇద్దరూ లెటర్‌ప్రెస్ ఫొటో ఎన్‌గ్రేవర్లు. తర్వాతి రోజుల్లో కొడుకు పెట్టిన కంపెనీ రంగుల్ని విడదీసి తీసిన ప్రింట్లను సరిచూసి పెట్టింది కూడా ఆ తండ్రే. కొడుకు తన వృత్తినే మింగేసే పని చేస్తుంటే, దానికి తప్పులు దిద్దిపెట్టిన తండ్రి!

రెండో మనిషి జాన్ వార్నాక్. 1976లో ఆయన ఇవాన్స్ అండ్ సదర్లాండ్ అనే గ్రాఫిక్స్ కంపెనీలో న్యూయార్క్ రేవు త్రీడీ నమూనాతో కుస్తీ పడుతున్నారు. అంత పెద్ద రేవును కంప్యూటరుకు వర్ణించి చెప్పడానికి ఆలోచించిన భాషే పోస్ట్‌స్క్రిప్ట్‌కు విత్తనం. తర్వాత ఆయన కాలిఫోర్నియాలో జెరాక్స్ వారి పార్క్ పరిశోధనశాలలో చేరారు. అక్కడ గెష్కీతో కలిసి ఇంటర్‌ప్రెస్ అనే ప్రింటరు భాష తయారుచేశారు. జెరాక్స్ దాన్ని బయటి లోకానికి ఇవ్వడానికి సిద్ధపడలేదు. విసిగిపోయి ఇద్దరూ బయటికొచ్చి 1982 డిసెంబరులో సొంత కంపెనీ పెట్టుకున్నారు. వార్నాక్ ఇంటి వెనక పారే వాగు పేరు అడోబీ క్రీక్. అదే కంపెనీ పేరయింది.

పోస్ట్‌స్క్రిప్ట్ 1984లో వచ్చింది. దాని వాక్య నిర్మాణం చూస్తే తెలుగువాడికి నవ్వొస్తుంది. మామూలు ఇంగ్లిషులో ‘వెళ్ళు’ అని ముందు చెప్పి, ఎక్కడికో తర్వాత చెబుతారు. ఇందులో ముందు అంకెలు, చివర పని. ‘100, 200 దగ్గరికి వెళ్ళు. 300, 200 దాకా గీత లాగు. 2 పాయింట్ల మందం పెట్టు. సిరా పుయ్యి.’ యంత్రం చెప్పిన అంకెల్ని పళ్లేల్లా ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటుంది, పని పేరు వినగానే పైనుంచి తీసి వాడుకుంటుంది. అందుకని క్రియ చివరికొచ్చింది తప్ప మన మీద అభిమానంతో కాదు.

అసలు విశేషం ఈ వాక్యాల్లో చుక్కలు లేకపోవడం. ఫొటో అంటే చుక్కల మూట. పెద్దది చేస్తే చుక్కలే పెద్దవవుతాయి. ఇక్కడ ఉన్నది బొమ్మ కాదు, బొమ్మ గీసే ఆజ్ఞ. ఎన్ని చుక్కల్లో గీయాలో ఆ ప్రింటరే చూసుకుంటుంది. అంగుళానికి 300 చుక్కల యాపిల్ లేజర్ రైటర్ తన శక్తికొద్దీ గీస్తుంది. అదే ఫైలును ప్రెస్సు కోసం ఫిల్ము తీసే లైనోట్రానిక్ 300కు ఇస్తే 2,540 చుక్కలతో గీస్తుంది.

1985లో వచ్చిన ఆ లేజర్ రైటర్ ధర 6,995 డాలర్లు. దాని లోపలి ప్రాసెసరు, మెమరీ దాన్ని నడిపించే మెకింటోష్‌లో ఉన్నవాటికన్నా ఎక్కువ. యజమాని కంటే గుమాస్తాకే తెలివెక్కువన్నమాట. ఆ తెలివంతా పోస్ట్‌స్క్రిప్ట్ చదవడానికే కావాలి. అదే ఏడాది జూలైలో సియాటిల్ నుంచి పాల్ బ్రెయినర్డ్ కంపెనీ ఆల్డస్ పేజీమేకర్‌ను విడుదల చేసింది. కంపెనీ పేరు అయిదు వందల ఏళ్లనాటి వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్‌ది. ‘డెస్క్‌టాప్ పబ్లిషింగ్’ అన్న మాట బ్రెయినర్డ్‌దే. మన వీధుల్లో బోర్డుల మీది ‘డీటీపీ’ ఆ మాటకు పొట్టిపేరు.

పేజీ కట్టే సాఫ్ట్‌వేరు వచ్చింది, అచ్చువేసే యంత్రం వచ్చింది. బొమ్మ గీసేది మాత్రం లేదు. పోస్ట్‌స్క్రిప్ట్‌లో బొమ్మ కావాలంటే అంకెలు టైపు చేసుకోవాలి. ఏ ఆర్టిస్టు చేస్తాడు ఆ పని? వార్నాక్ భార్య మార్వా గ్రాఫిక్ డిజైనరు. కలంతో, వంపుల స్కేళ్లతో ఆమె పడే పాట్లు ఆయన ఇంట్లోనే చూశారు. 1987లో అడోబీ తెచ్చిన బొమ్మల సాఫ్ట్‌వేరు ఇలస్ట్రేటర్‌కు ప్రేరణ అదేనంటారు. పెట్టె మీద బొత్తిచెల్లి గీసిన వీనస్ మొహం వేశారు. స్కాన్ చేసిన బొమ్మను తెర మీద అడుగున పరుచుకుని, పైన మౌసుతో అంచులు దిద్దుకోవడం దాని ముఖ్య పద్ధతి. పలక మీద పెద్దలు రాసిచ్చిన అక్షరాలు దిద్దినట్టే.

ఆ దిద్దడానికి వాడే వంపులు కార్ల ఫ్యాక్టరీల నుంచి వచ్చాయి. ఫ్రాన్సులో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియెర్ బెజియే కారు రేకుల వంపుల్ని లెక్కల్లోకి దింపడానికి ఎవరికి వారు కనిపెట్టిన పద్ధతి అది. సిట్రోయెన్ రహస్యంగా దాచింది, బెజియే ప్రచురించారు. పేరు ఆయనకు దక్కింది. రెండు కొసలు, వాటిని లాగే రెండు పిడులు, మొత్తం నాలుగు బిందువులతో ఒక వంపు. నిలువు గీతలు అరుదైన మన లిపికి ఇంతకన్నా ఏం కావాలి? కాకపోతే దీనితో కచ్చితమైన వృత్తం గీయడం కుదరదు. నాలుగు ముక్కలు అతికిస్తే వ్యాసార్ధంలో పదివేలకు మూడు వంతుల్లోపు తేడా మిగులుతుంది. కంటికి తెలియదనుకోండి. మనం అచ్చులో చూసే సున్నా లెక్కప్రకారం గుండ్రం కాదని తెలిశాక నేను దాన్ని కొంచెం అనుమానంగానే చూస్తున్నాను.

బొమ్మ గీయడం కుదిరాక, దాన్ని పేజీలోకి తేవడానికి ఈపీఎస్ వచ్చింది. పేజీమేకర్‌కు పోస్ట్‌స్క్రిప్ట్ చదవడం రాదు. కాబట్టి కవరు మీద హద్దులు రాసి, తెర మీద చూపడానికి ఒక ముతక నమూనా బొమ్మ అంటించి, లోపల అసలు ఆజ్ఞలు పెట్టి మూసేశారు. పేజీమేకర్ ఆ నమూనాను చూపిస్తుంది, ప్రింటు కొట్టినప్పుడు కవరును ఉన్నదున్నట్టు ప్రింటరుకు అందిస్తుంది. అక్కడే విప్పడం.

ఏర్పాటు బాగానే ఉంది, కవరు విప్పగలిగే ప్రింటరు ఉంటే. మన డీటీపీ సెంటర్లలో చాలావాటికి ఉన్నవి పోస్ట్‌స్క్రిప్ట్ రాని చవక లేజర్ ప్రింటర్లు. వాటికి ఈపీఎస్ పంపితే అర్థంకాక, పైన అంటించిన ముతక నమూనానే అచ్చు వేసేవి. ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సంచిక పని నా మీద పడినప్పుడు అట్ట మీది దీపం బొమ్మ మెట్లుమెట్లుగా వచ్చింది. తెర మీద కూడా అలాగే ఉందిగదా అని ఆపరేటరు, గీసినవాడికే చేతకాదని నేను, మధ్యలో పాపం ఆర్టిస్టు మాటపడ్డాడు. బొమ్మలో ఏ దోషమూ లేదని నాకు తెలిసేసరికి సంచికలు పంచేశాం.

మెకింటోష్‌లో చేసిన ఈపీఎస్ ఫ్లాపీలో మన పీసీకి వస్తే ఇంకో ముచ్చట. నమూనా బొమ్మను మ్యాక్ వేరే అరలో దాస్తుంది. ఆ అర దారిలోనే రాలిపోయేది. పేజీలో బూడిదరంగు పెట్టె, దానిమీద ఫైలు పేరు. పోస్ట్‌స్క్రిప్ట్ వచ్చిన యంత్రానికి ఇస్తే అచ్చులో మాత్రం బొమ్మ సలక్షణంగా వచ్చేది. కనబడని దాన్ని నమ్మి ప్లేటు చేయించడానికి గుండె ధైర్యం కావాలి.

బహుశా అందుకే మన ప్రెస్సులవాళ్లు ఇలస్ట్రేటర్ కన్నా కోరెల్‌డ్రాకు అలవాటుపడ్డారు. 1989లో కెనడాలోని ఒట్టావా నుంచి వచ్చిన ఈ సాఫ్ట్‌వేరు పీసీ మీదే పుట్టి పెరిగింది. శుభలేఖ, బిల్లుబుక్కు, ఫ్లెక్సీ అన్నీ అందులోనే మొదలుపెట్టి అందులోనే ముగించొచ్చు. పోస్ట్‌మ్యాన్ గొడవే లేదు. పుస్తకం అయితేనే పేజీమేకర్.

‘కర్వ్స్ చేసి పంపండి’ అనే మాట కూడా ఈ తిప్పల్లోంచి పుట్టిందే. కవరు లోపలి ఆజ్ఞల్లో ‘ఫలానా ఫాంటుతో ఈ అక్షరం వెయ్యి’ అని ఉండి, ఆ ఫాంటు ప్రింటరు దగ్గర లేకపోతే అది కూరియర్ అనే ఫాంటుతో సరిపెట్టేస్తుంది. ఇంగ్లిషువాళ్లకు అక్షరాల అందం పోతుందంతే. మనకు భాషే పోతుంది. అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు, ఒత్తులు, గుణింతాల ముక్కలు ఇంగ్లిషు అక్షరాల గదుల్లో అద్దెకుంటాయి. ఫాంటు లేనిచోట వధువు పేరు కాస్తా ఆశ్చర్యార్థకాలు, బ్రాకెట్లు, పొల్లు ఇంగ్లిషు అవుతుంది. అందుకని అక్షరాలన్నిటినీ ముందే గీతలుగా మార్చి పంపడం. అప్పుడు ‘సీత’ అన్నది మాట కాదు, సీత ఆకారంలో ఉన్న కొన్ని వంపులు. తర్వాత అచ్చుతప్పు కనిపిస్తే దిద్దడానికి లేదు. మొదటికి రావాల్సిందే.

1993లో పీడీఎఫ్ వచ్చి ఫాంట్లను కూడా మూటలోనే కట్టి పంపే వీలు కల్పించింది. మరుసటి ఏడాది అడోబీ ఆల్డస్‌ను కొనేసింది. 1999లో అడోబీ సొంత పేజీల సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్ వచ్చింది. 2001లో వచ్చిన పేజీమేకర్ 7తో ఆ పేరుకు అక్కడ మంగళం పాడారు. మన దగ్గర ఎవరూ ఆ సంగతి పట్టించుకోలేదు. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో అడోబీ సీఈఓ అయ్యారు. 2012 నాటి సీఎస్6 వెర్షనుతో ఇన్‌డిజైన్‌లో తెలుగుకు చోటు దొరికింది. అప్పటికీ చాలా ప్రెస్సుల్లో పేజీమేకర్, అను జంటే కాపురం చేస్తోంది.

ఇన్‌డిజైన్ కవరు విప్పి చూసే పోస్ట్‌మ్యాన్. ఇలస్ట్రేటర్ ఫైలును నేరుగా పేజీలో పెట్టుకోవచ్చు, ఎందుకంటే ఆ ఫైలు పొట్టలో ఒక పీడీఎఫ్ కూడా ఉంటుంది. సేవ్ చేసేటప్పుడు ఆ టిక్కు తీసేస్తే మాత్రం, బొమ్మ ఉండాల్సిన చోట ‘ఇది పీడీఎఫ్ లేకుండా సేవ్ చేసిన ఫైలు’ అన్న చీటీ కనిపిస్తుంది.

మూసిన కవరును ఇప్పుడు లోకం అనుమానిస్తోంది. పోస్ట్‌స్క్రిప్ట్ బొమ్మ కాదు, ప్రోగ్రాము. ప్రోగ్రాములో ఏమైనా దూర్చవచ్చు. ఆ భయంతోనే 2017 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ సాఫ్ట్‌వేరులో ఈపీఎస్ బొమ్మలు పెట్టనివ్వడం మానేసింది. పోస్ట్‌స్క్రిప్ట్ పెరిగిన మ్యాక్‌లోనే, 2022 నాటి వెంచురా వెర్షను నుంచి, ఫైళ్లు తెరిచి చూపే ప్రివ్యూ ఈపీఎస్‌ను తెరవదు. మరుసటి ఏడాది ఆగస్టులో వార్నాక్ కన్నుమూశారు. గెష్కీ అంతకు రెండేళ్ల ముందే పోయారు.

మొన్న మా వీధి డీటీపీ సెంటరులో ఒక పెద్దాయన తన కిరాణా కొట్టు లోగో వాట్సాప్‌లో చూపించారు. జేపీజీ, బొటనవేలి గోరంత.

‘కోరెల్‌డ్రా సీడీఆర్ ఫైలు లేదాండి? ఈపీఎస్ అయినా సరే,’ అన్నాడు ఆపరేటరు.

‘అవేంటి బాబూ? ఇదుందిగా.’

కుర్రాడు ఇంకేం అనలేదు. ఆ బొమ్మను తెర మీద అడుగున పరిచి, పెన్ టూలు తీసుకుని, త్రాసు పళ్లెం అంచు దగ్గర మొదటి చుక్క పెట్టాడు.