పచ్చబొట్టును ఉద్యోగమును

గడచిన వైశాఖమాసమున నొకనాటి సాయంకాలము మా పూర్వవిద్యార్థి యొకడు బాచుపల్లిలోని మా యింటికి వచ్చెను. ఎండ యింకను చల్లారలేదు. అంతటి యుక్కలోను ఆతడు మణికట్టు వరకు గుండీలు బిగించిన నిండుచేతుల చొక్కా తొడిగికొని యుండుట చూచి కారణ మడిగితిమి. ఆతడు నవ్వి, ఎడమచేతి గుండీ విప్పి, చొక్కాను మోచేతి దాక మడిచెను. ముంజేతి లోపలివైపున నొక తేలును, దాని చుట్టు తొమ్మిది చుక్కలును గలవు. అది యాతని నాయనమ్మ చేతిమీది బొమ్మ. ఆమె గతించిన పిమ్మట, పాత ఛాయాచిత్ర మొకటి చూపించి, మాదాపూరులోని టాటూ దుకాణమున తన చేతిపై పొడిపించుకొనెనట.

ఒక సాఫ్ట్‌వేరు సంస్థవారు ఆతని పరీక్షలకును మాటతీరునకును మెచ్చి యుద్యోగ మిచ్చిరి. కాని క్లయింట్ల యెదుట కూర్చుండు వేళల నా చేయి కప్పుకొనవలెనని కట్టడి చేసిరి. ఇట్టివి సినిమాలలో రౌడీలకు తగును గాని యుద్యోగస్థులకు తగవని యచ్చటి యధికారి యొకరు సెలవిచ్చిరట. ఈ కథ యంతయు చెప్పి, "సార్, మా నాయనమ్మను ఊళ్లో ఎవరైనా రౌడీ అన్నారా?" అని యాతడు మమ్ము ప్రశ్నించెను. మా కప్పటికప్పుడు జవాబు తోచలేదు. తరువాత కొన్నాళ్లు ఆలోచించి, చదివి, తోచినదానిని చదువరుల ముందుంచుచున్నాము.

మా బాచుపల్లి మొన్నమొన్నటి వరకు కుత్బుల్లాపూరు మండలములోని యొక గ్రామము. 2016లో తానే యొక మండల మైనది. 1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి యీ ప్రాంతపు పొలములు ఇండ్లస్థలములుగను, ఇండ్లస్థలములు అంతస్తుల మేడలుగను మారుచు వచ్చినవి. ఇంజనీరింగు కళాశాలలును, మందుల కర్మాగారములును వెలసినవి. ఉదయ మెనిమిది గంటలకు మా కూడలిలో నిలిచినచో గచ్చిబౌలికిని మాదాపూరునకును పోవు యువకులు వేలకొలది కనబడుదురు. వారిలో ననేకుల యవ్వలు పొలములో నాట్లు వేసినవారే. ఆ యవ్వల ముంజేతులు చూచినచో పచ్చబొట్టు లేనిది అరుదు. ఒక్క తరములో ఆ చేయి నాగలి విడిచి కంప్యూటరును పట్టినది. పచ్చబొట్టు మాత్రము నడుమ కొంతకాలము మాయమై, మరల పేరు మార్చుకొని వచ్చినది.

ఆ పాత పచ్చబొట్టు ఎట్టిదో నేటి పిల్లలకు తెలియదు. ఎరుకల స్త్రీలు గంపయు సూదుల కట్టయు తీసికొని యూరూర తిరుగుచుండిరి. 1909లో థర్‌స్టన్‌గారు ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణహిందూదేశపు కులముల గ్రంథమున వీరి యీ వృత్తి వర్ణింపబడినది. దీపపు మసిని చనుబాలతోనో ఆకు పసరుతోనో నూరి, సూదులతో చర్మమున పొడిచి, పైన పసుపు రాచెడివారు. మసి నల్లనిదే గదా, బొట్టు పచ్చ నెట్లయిన దని పిల్లలు మమ్ము తరగతిలో నడుగుదురు. నల్లని రేణువులు చర్మపు పైపొర క్రింద చేరినప్పుడు, వెలుతురు నడుమ చెదరిపోవుటచేత మన కంటికి నీలముగను పచ్చగను కనబడును. మన పూర్వులు కంటికి కనబడినదానినే పేరుగా పెట్టిరి.

చుక్కలు, తేలు, తులసికోట, దేవుని పేరు, తోడబుట్టినవాని పేరు, మగని పేరు: ఇవి వారు పొడిపించుకొన్న గురుతులు. ఇందొక వింత కలదు. మగని పేరు నోట పలుకరాదని యాచారము గల యిల్లాండ్రే యా పేరును చేతిపై వ్రాయించుకొనిరి. వారిలో ననేకులకు దానిని చదువుకొను నక్షరజ్ఞానము లేదు. సొమ్ములన్నియు చచ్చిననాడు ఒలుచుకొందురు గాని పచ్చబొట్టు మాత్రము వెంట వచ్చునని వారి నమ్మకము. కడు బీద స్త్రీకి ఎవ్వరును దొంగిలింపజాలని సొమ్ము ఇదొక్కటియే.

అట్టి సొమ్మునకు రౌడీతనపు వాసన యెచ్చటినుండి వచ్చినది? మా తెలివికి తోచినంతవరకు, దేహముపై గురుతు వేయుటకు మన దేశమున రెండు త్రోవలు కలవు. ఒకటి తాను కోరి వేయించుకొనునది. రెండవది పాలకులు బలిమిని వేయించునది. రెండవది శాస్త్రములలోనే కలదు. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున మహాపాతకుల నుదుట కాల్చవలసిన గురుతులు చెప్పబడినవి: మద్యపానము చేసినవానికి కల్లంగడి గురుతు, దొంగకు కుక్క యడుగు, బ్రహ్మహత్య చేసినవానికి తలలేని మొండెము. అట్టివానిని బంధువులు విడిచివేయవలెననియు, దయ చూపరాదనియు, నమస్కరింపరాదనియు విధి. ఇంతటి వెలివేత చెప్పిన సంప్రదాయములోనే శ్రీవైష్ణవులు కాల్చిన శంఖచక్రములను భుజములపై ముద్ర వేయించుకొని ధన్యుల మైతి మనుకొందురు. చర్మ మొకటే, నిప్పు ఒకటే. ఒకచోట వెలి, ఒకచోట దీక్ష.

ఇంగ్లీషు కంపెనీవారు ఈ రెండవ త్రోవను కాగితములమీదికి తెచ్చిరి. బంగాళమున 1797 నాటి నిబంధనచేత దొంగపత్రములు సృష్టించినవారికిని, కూటసాక్ష్యము చెప్పినవారికిని నుదుట గోద్నా, అనగా పచ్చపొడుపు, శిక్షగా నేర్పడెను. పిమ్మట మదరాసు రాజధానిలోను అమలు జరిగెను. నేరము పేరునే నుదుట వ్రాసెడివారు. శిక్ష ముగిసి వెలుపలికి వచ్చినవారు ఆ వ్రాత కనబడకుండ తలపాగాను కనుబొమల దాక దించి కట్టుకొనెడివారు. 1849లో ఈ శిక్ష రద్దయ్యెను. మా విద్యార్థి నిండుచేతుల చొక్కాను చూచినప్పుడెల్ల మాకు ఆ తలపాగా జ్ఞప్తికి వచ్చుచున్నది.

గోద్నా పోయినను దాని బుద్ధి పోలేదు. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థ తెగల చట్టము 1911లో మదరాసు రాజధానికి వ్యాపించెను. ఏ స్త్రీలు మన తల్లుల చేతులపై పచ్చబొట్లు పొడిచిరో ఆ ఎరుకలవారిలో ననేకులు దానిక్రింద పట్టికల కెక్కిరి. వ్రేలిముద్ర లిచ్చి, ఠాణాలలో హాజరు చెప్పుకొని బ్రతుకవలసి వచ్చెను. బాపట్ల చెంత స్టూవర్టుపురమున సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణలో నొక కాలనీ ఏర్పడెను. అచ్చటివారు చేసిన నేర మేమనగా, ఆ కులమున పుట్టుట. ఈ చట్టపు ముద్ర 1952లో తొలగినది. నేడు మన రెండు రాష్ట్రములలోను ఎరుకలవారు షెడ్యూల్డు తెగలవారు. కాని ముద్ర వేసిన చేయి మరచునంత శీఘ్రముగా ముద్ర పడిన చేయి మరవదు. పచ్చబొట్టు పొడుచువారి మీది యనుమానము పొడిపించుకొన్నవారి మీదికిని ప్రాకినది. చదువుకొన్న కుటుంబములవారు తమ యాడపిల్లలను ఎరుకలసాని దరికి పోనీయక, అది మోటతన మనిరి. మా కుటుంబమునను అట్లే జరిగినది. దానిని మేము సంస్కరణ యనుకొంటిమి.

వింత యేమనగా, మనవారు దొరలను చూచి మానుకొనుచున్న దినములలోనే దొరలు దానిని నేర్చుకొనుచుండిరి. 1769లో కెప్టెన్ కుక్ తహితి ద్వీపమున ఆ యాచారమును చూచెను. టాటూ యను మాట యా ద్వీపవాసులదే. తరువాత ఎడ్వర్డు చక్రవర్తియైన యువరాజు 1862లో జెరూసలేమునందును, ఆయన కుమారుడు జార్జి 1881లో జపానునందును చేతులపై పచ్చలు పొడిపించుకొనిరి. 1891లో న్యూయార్కున ఓరైలీ యనువాడు విద్యుత్తుతో పొడుచు యంత్రమునకు పేటెంటు పొందెను. నేడు మాదాపూరు దుకాణములలో ఝుమ్మను యంత్రములు దాని సంతానమే. అనగా మన యింట చులకనయై వెడలినది సముద్రయానము చేసి, గౌరవముతో, వేల రూపాయల వెలతో మరలి వచ్చినది.

ఇక నేటి కొలువుల సంగతి. మన దేశమున ప్రైవేటు సంస్థలు పచ్చబొట్టును నిషేధింపవలెననిగాని, నిషేధింపరాదనిగాని ప్రత్యేకమైన చట్టము లేదు. ఏ సంస్థ పద్ధతి దానిది. సైన్యమునకు మాత్రము స్పష్టమైన నియమములు కలవు. ముంజేతి లోపలివైపునను, అరచేతి వెనుకవైపునను తప్ప మరెచ్చటను శాశ్వతమైన పచ్చబొట్టు పనికిరాదు. ఆచారముగా ముఖమునను మేనను పొడిపించుకొను గిరిజనులకు మాత్రము, విచారించి, మినహాయింపు నిత్తురు. కేంద్ర సాయుధ పోలీసు దళముల నియమము ఇంకను చిత్రమైనది. సలాము చేయునది కుడిచేయి గనుక ముంజేతులలో ఎడమదాని లోపలివైపుననే యనుమతి. పరిమాణము ఆ యవయవములో నాలుగవ వంతునకు మించరాదు. దైవచిహ్నములును పేర్లును ఉండవచ్చును. ఆ నియమములో ఈ చోటులను సంప్రదాయ స్థానము లని పేర్కొనిరి. అవ్వల ముంజేయి ఎట్లో యొకట్లు సర్కారు కాగితమున కెక్కినది. మా విద్యార్థి తేలు సరిగా నా స్థానముననే యున్నది! తుపాకి పట్టుటకు అడ్డురాని బొమ్మ మీటలు నొక్కుటకు అడ్డు వచ్చినది.

సంస్థలవారి పక్షమునను ఒక మాట చెప్పవలెను. ద్వేషమును పుట్టించు వ్రాతను, అసభ్యమైన బొమ్మను చూపుచు పనికి రావలదనుటకు యజమానికి హక్కు కలదు. మా పాఠశాలలో మేమును అట్లే యందుము. చేతి మీద నున్న దేమో చదివి, తరువాత కాదనుట వేరు. చదువకయే కాదనుట వేరు. న్యూజిలాండు విమానసంస్థ మావోరీ జాతివారి సంప్రదాయపు టాటూలను గూర్చి యాలోచించి, 2019లో ఉద్యోగుల పచ్చబొట్లపై తన నిషేధమును సడలించెను. అచ్చటివారు తమ పాత నియమము ఎవరి చర్మమును తాకుచున్నదో చూచిరి.

ఇతరులను తప్పుపట్టు మే మెట్టివారమో చెప్పకున్న ఈ వ్యాసము నిజాయితీ గలది కాదు. ఇరువది సంవత్సరముల క్రిందట, మే ముపాధ్యాయవృత్తిలో క్రొత్తగా చేరిన దినములలో, ఒక తల్లి తన కుమార్తెను బడిలో చేర్పించుటకు వచ్చెను. రెండు ముంజేతులును పచ్చని గీతలతో నిండియుండెను. మేము దరఖాస్తును ఆమె వైపు జరిపి, ప్రక్కనే వ్రేలిముద్ర వేయు సిరా డబ్బాను తెరచి పెట్టితిమి. ఆమె డబ్బాను మూసి, మా జేబులోని కలమును చూపి యడిగి తీసికొని, గుండ్రని యక్షరములతో సంతకము చేసెను. ఒక్క మాటయు ననలేదు. ఆ మౌనము నేటికిని మాకు వినబడుచున్నది. సాఫ్ట్‌వేరు సంస్థ యధికారి చేసిన తప్పునకును నాడు మేము చేసినదానికిని భేదమేమో మాకు కనబడుట లేదు.

లేజరుతో చెరిపించుకొనుమని ఆ పిల్లవానికి స్నేహితులు చెప్పిరట. అది వారముల యెడముతో పలుమారులు చేయించుకొనవలసిన చికిత్స. నొప్పియు ఖర్చును గలవు. అయినను మచ్చ పూర్తిగా పోవునని నమ్మకము లేదు. సైన్యములో చేరగోరి ఆ బాధ పడినవారిని మే మెరుగుదుము. చెరిపింపవలదనియే మేము చెప్పితిమి. ఉద్యోగము విడువుమనియు చెప్పలేదు, ఆతని తండ్రి అప్పు లట్టివి.

మొన్న ఆతడు మరల కనబడినప్పుడు కార్యాలయపు ముచ్చట లడిగితిమి. చేయి కప్పుకొనియే పనిచేయుచున్నాడట. వారి యంతస్తును తెల్లవారుజామున ఊడ్చి తుడుచు స్త్రీలలో నిద్దరు చేవెళ్ల వైపు గ్రామములనుండి వచ్చినవారు. వారి ముంజేతులపై అట్టి తేళ్లే కలవు. వారిని కప్పుకొనుమని యెవ్వరును చెప్పలేదట.