సంతకం ఎవరిది?

ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఇంటికెళ్ళాలన్నా, ఆస్పత్రికెళ్ళాలన్నా వార్డెన్ సంతకం కావాలి. నెలసరి నొప్పితో ముడుచుకుని పడుకున్న రోజున కూడా ‘నీకేం కావాలమ్మా’ అని అడిగినవాళ్ళు లేరు. అందుకేనేమో, ఖమ్మం టీకాల ఉదంతం చదువుతుంటే ఒక అంకె దగ్గర ఆగిపోయాను.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేయడం మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పరిశోధన అది. ఆ పిల్లల్లో ఎంతోమంది గిరిజన హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే జరిగింది. 2010 మార్చిలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్ళి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. ఏప్రిల్లో కేంద్రం దాన్ని ఆపేసింది.

నన్ను ఆపిన అంకె 2013లో పార్లమెంటు స్థాయీసంఘం నివేదికలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వార్డెన్లు సంతకం చేసినవి. 1,948 వేలిముద్రలు. తల్లిదండ్రులకి ఏం చెప్పి వేలిముద్ర వేయించుకున్నారు? ఇక ఆ పిల్లల మాట వినే చోటు ఆ కాగితాల్లో ఎక్కడుంది?

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. ఆ మరణాలకీ టీకాకీ సంబంధం ఉండకపోవచ్చని విచారణ సంఘం 2011లో చెప్పింది. ఒకమ్మాయి నీళ్ళలో మునిగిపోయింది. ఒకమ్మాయిని పాము కరిచింది. ఒకమ్మాయిని మలేరియా తీసుకుపోయింది. ఇద్దరు పురుగుమందు తాగారు. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు.

‘టీకా వల్ల కాదు’ అనగానే చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అక్కడే ఊపిరాడలేదు. పదీ పద్నాలుగేళ్ళ పిల్ల పురుగుమందు డబ్బా ఎందుకు అందుకుంది? మలేరియా జ్వరానికి సకాలంలో మందు ఎందుకు అందలేదు? ఎప్పుడో నలభై ఏళ్ళకి రాగల జబ్బు గురించి ఆలోచించిన పరిశోధన, ఆ పిల్లల ఆ నాటి బతుకుని చూడలేదు.

టీకా మీద నాకు కోపం లేదు. మనదేశపు ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. ఈ టీకా దాన్ని అడ్డుకుంటుందని ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకుంటోంది. 2024 బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలకి దీన్ని ప్రోత్సహిస్తామన్నారు. మంచిదే. అదే వయసు పిల్లలు, అవే హాస్టళ్ళు. ఈసారైనా సూది తీసే ముందు ఆ పిల్ల పక్కన కూచుని, ఆమె భాషలో విషయం చెప్పి, ఆమె మాట వినాలి. జ్వరమొచ్చినా, దిగులొచ్చినా వెళ్ళి చెప్పుకోగలిగిన మనిషి దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో ఉండాలి.

అప్పుడే ఆ కాగితం మీది సంతకానికి అర్థం.