పార్శ్వపు నొప్పి: సాక్ష్యం మిగల్చని వ్యాధికి ఒక చరిత్ర

మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ఆరోగ్య నివేదికలలో కలరాకు, మశూచికి, మలేరియాకు దక్కిన స్థానం పార్శ్వపు నొప్పికి దక్కలేదు. ప్రాణం తీసే వ్యాధులను పాలకులు లెక్కించారు, అంటుకునే వ్యాధులకు భయపడి కట్టుదిట్టాలు చేశారు. కానీ నెలకు రెండు మూడు మార్లు మనిషిని చీకటి గదిలో పడవేసి, వాంతులు చేయించి, మూడోనాటికి ఒంటిమీద ఏ చిహ్నమూ మిగల్చకుండా తప్పుకొనే బాధను లెక్కలోకి తీసుకొనే పద్ధతి ఆనాటి పాలనకు అలవడలేదు. అందువల్ల విశాఖపట్నం వంటి నగరంలో మైగ్రేన్ చరిత్రను పరిశీలించదలచినవారు ఒక్క ఆసుపత్రి దస్త్రాలతో సరిపెట్టుకోలేరు. ప్రాచీన వైద్యగ్రంథాలనూ, ఔషధ వాణిజ్యాన్నీ, ఆ నగరపు పనివేళలనూ పక్కపక్కన ఉంచి చదువుకోవలసి ఉంటుంది.

వ్యాధిని గుర్తించడంలో ప్రాచీనులు వెనుకబడలేదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం పదకొండు శిరోరోగాలను పేర్కొని, వాటిలో అర్ధావభేదకాన్ని శిరస్సులో సగభాగాన్ని చీల్చే నొప్పిగా, తలతిప్పుతో కూడినదిగా, పది రోజులకో పక్షానికో తిరిగివచ్చేదిగా వర్ణించింది. చరక సంహిత సిద్ధిస్థానం మెడ, కనుబొమ, కణత, చెవి, కన్ను, నుదురు అనే స్థానాలలో ఒక పార్శ్వాన్నే పట్టి పీడించే దాని తీరును చెప్పి, రూక్షాహారం, అతిభోజనం, వేగధారణం, అధికశ్రమ, మంచు, తూర్పుగాలి మొదలైనవాటిని కారణాలలో చేర్చింది. వేళ తప్పిన భోజనమూ అలసటా వాతావరణపు మార్పూ నొప్పిని రేపుతాయని నేటి వైద్యులు కూడా అంగీకరిస్తారు కనుక, ఆ పరిశీలనలోని సూక్ష్మతను గౌరవించడానికి అతిశయోక్తులు అవసరం లేదు. అయితే, అవే గ్రంథాలు విధించిన నస్యాది చికిత్సలకు ఈనాటి పరీక్షాపద్ధతులలో అంతటి దృఢమైన ఆధారం సమకూరలేదని కూడా చెప్పవలసి ఉన్నది. ఇళ్లలో మాత్రం శొంఠి అరగదీసి నుదుట పట్టువేయడం, తలకు గుడ్డ బిగించి కట్టుకోవడం నిరాటంకంగా సాగివచ్చాయి.

ఆ పట్టు స్థానంలోకి 1893లో ఒక పసుపుపచ్చని లేపనం వచ్చింది. కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో స్థాపించిన అమృతాంజనం తెలుగువారి తలనొప్పి చరిత్రలో ఏ వైద్యాలయానికీ తీసిపోని స్థానం సంపాదించింది. దాని ఆర్జన మీద నిలిచిన ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలువడి, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. తెలుగు పత్రికారచనకూ జాతీయోద్యమానికీ అందిన ధనంలో తలనొప్పి బాధితుల అణాలు కూడా ఉన్నాయన్నది నిండు నిజం. కర్పూరమూ మెంథాలూ చర్మానికి ఇచ్చే చల్లదనం నొప్పిని కొంత మరిపిస్తుంది. వ్యాధిమూలాన్ని అది తాకదు. ఆ రోజులలో అంతకంటె మేలైనదేదీ సామాన్యులకు అందుబాటులో లేదు కనుక, లేపనాన్ని నమ్ముకున్నవారిని తప్పుపట్టలేము.

విశాఖపట్నంలో కళాశాల స్థాయి వైద్యవిద్య 1923లో మొదలైంది. 32 మంది విద్యార్థులతో తెరచిన వైద్యకళాశాల 1940లో ఆంధ్ర వైద్యకళాశాలగా పేరు మార్చుకొన్నది. దానికి అనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రి ఉత్తరాంధ్రకంతటికీ, ఒడిశా సరిహద్దు గ్రామాలకు కూడా పెద్దాసుపత్రి అయింది. 1933 అక్టోబరులో జలదుర్గ అనే నౌక కొత్త రేవులో ప్రవేశించడంతో పట్టణపు స్వరూపమే మారసాగింది. సరిగా ఈ దశాబ్దాలలోనే పాశ్చాత్య వైద్యం ఈ వ్యాధికి మొదటి నిర్దిష్టమైన మందును కనుగొన్నది: 1918లో స్విట్జర్లాండులో ఆర్థర్ స్టోల్ ఎర్గోటమిన్‌ను వేరుచేశాడు, 1938లో న్యూయార్కులో గ్రాహం, వుల్ఫ్ అనే పరిశోధకులు ఆ మందు తలలోని ధమనులను సంకోచింపజేసి నొప్పిని తగ్గిస్తున్నదని చూపి, రక్తనాళాల వ్యాకోచమే ఈ వ్యాధికి మూలమనే సిద్ధాంతానికి బలం చేకూర్చారు. వుల్ఫ్ ఘనత కాదనలేనిది. కానీ పట్టుదలా అతిశ్రద్ధా గల ఒక మనస్తత్వం ఈ రోగులకు ఉంటుందన్న ఆయన వర్ణన దీర్ఘకాలం అపకారం చేసింది. రోగిని పరిశీలించడానికి ఉద్దేశించిన మాట రోగిపై నిందగా మారడానికి ఎక్కువకాలం పట్టలేదు. పురుషులకంటె దాదాపు మూడురెట్లు అధికంగా ఈ వ్యాధికి లోనయ్యే స్త్రీలే ఆ నిందను ఎక్కువగా మోశారు.

ఉక్కు కర్మాగారం కోసం జరిగిన ఉద్యమమూ, 1971 జనవరి 20న జరిగిన శంకుస్థాపనా, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేసిన ఉత్సవమూ విశాఖ చరిత్రలో సుప్రసిద్ధాలు. వాటి వెంట వచ్చిన జీవనవిధానం అంతగా చర్చకు రాలేదు. బ్లాస్ట్ ఫర్నేసు ఆగేది కాదు. కోక్ ఓవెన్ చల్లారనిచ్చేది కాదు. అందుచేత వేలాది కుటుంబాల నిద్రాహారాలు మూడు షిఫ్టుల చుట్టూ తిరగసాగాయి. షిఫ్టు మనిషి ఇంట్లో ఆడవారి నిద్ర కూడా షిఫ్టు ప్రకారమే నడిచింది. కర్మాగారం ఈ వ్యాధిని పుట్టించిందనడం న్యాయం కాదు, దీనికి వంశపారంపర్యమైన ప్రవృత్తి బలమైన కారణం. అయినా ఆ ప్రవృత్తి గలవారికి నైట్ షిఫ్టు మారే వారమూ, కొలిమి వేడిమీ, వేళకు తినని అన్నమూ నొప్పిని పిలిచే అవకాశాలన్నది విస్మరించరానిది. తలంటు కూడా అటువంటిదే. తలస్నానం వల్ల నొప్పి మొదలయ్యే 94 మంది భారతీయ రోగుల వృత్తాంతాన్ని ముంబయి వైద్యుడు కె. రవిశంకర్ 2006లో ప్రచురించాడు. పాశ్చాత్య గ్రంథాలలో అంతగా కనబడని ఈ కారణాన్ని మన ఇళ్లలో ఎందరో ముందే ఎరుగుదురు. తలంటి, ఉపవాసముండి, ధూపం నడుమ వ్రతం చేసుకొన్న శ్రావణ శుక్రవారపు సాయంకాలం కొందరు స్త్రీలకు ఎలా గడుస్తుందో చెప్పనవసరం లేదు.

ఈలోగా రక్తనాళాల సిద్ధాంతం మారింది. నొప్పికి మూలం రక్తనాళాలలో కంటె మెదడులోనూ ట్రైజెమినల్ నాడీవ్యవస్థలోనూ ఉన్నదనీ, సీజీఆర్‌పీ అనే పదార్థం ఆ నాడుల నుంచి విడుదల కావడం అందులో ప్రధాన ఘట్టమనీ ఎడ్విన్సన్, గోడ్స్‌బీ మొదలైనవారు 1980ల నుంచి క్రమంగా నిరూపించారు. 2021లో వారితోపాటు మోస్కోవిట్జ్, ఓలెసెన్‌లకు బ్రెయిన్ ప్రైజ్ లభించింది. 1991లో ట్రిప్టాన్ల వర్గానికి చెందిన సుమట్రిప్టాన్ అనే మైగ్రేన్ మందు వాడుకలోకి వచ్చింది. ఇక్కడ తెలుగునాడు మళ్లీ కథలోకి ప్రవేశిస్తుంది: హైదరాబాదు కేంద్రంగా కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ, ఆ మందును రూపొందించిన మూలసంస్థతో ఒప్పందం చేసుకొని, 2008లో సుమట్రిప్టాన్ మాత్రలను అమెరికా విపణిలో ప్రవేశపెట్టింది. అమృతాంజనం నాటి నుంచి ఇంతవరకూ నడచిన దూరం గర్వించదగినదే. అయినా మందు చేయగలిగిన నేలమీద ఆ మందు అవసరమైనవారందరికీ అది చేరిందని చెప్పలేము.

పొరుగున కర్ణాటకలో బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు ఇంటింటా జరిపిన సర్వేలో ఏడాదిలో నూటికి 25 మందికి పైగా మైగ్రేన్ అనుభవించినట్లు తేలింది. ఇంత విస్తృతమైన వ్యాధికి మందులషాపు మాత్రే మొదటి వైద్యం కావడం వల్ల మరో చిక్కు ఏర్పడింది. మామూలు నొప్పిమాత్రలు నెలకు 15 రోజులో, ట్రిప్టాన్లూ మిశ్రమ మాత్రలూ 10 రోజులో, మూడు నెలలకు మించి వాడితే మందే నొప్పిని నిత్యం చేస్తుంది. నొప్పి తరచుగా వచ్చేవారికి నివారక చికిత్స అవసరం. హృద్రోగులకిస్తున్న ప్రొప్రనొలాల్ ఇందుకూ పనికివస్తుందని 1966లో యాదృచ్ఛికంగా తెలిసింది. అమిట్రిప్టిలిన్, ఫ్లునరిజిన్ కూడా ఖరీదైనవి కావు. ఉబ్బసం గలవారికి ప్రొప్రనొలాల్, హృద్రోగులకు ట్రిప్టాన్లు, గర్భం దాల్చదగిన స్త్రీలకు వాల్‌ప్రోయేట్ తగవు కనుక ఎంపిక వైద్యునిదే కావాలి. సీజీఆర్‌పీని అడ్డగించే కొత్త సూదిమందులు 2018 నుంచి ఉన్నా, వాటి ధర సామాన్య కుటుంబాలకు ఇప్పటికీ భారమే.

వ్యాధి నిర్ణయానికి స్కానింగు చాలాసార్లు అక్కరలేదు. నాలుగు గంటల నుంచి మూడు రోజులవరకూ సాగే నొప్పి ఒక పక్కనే వస్తున్నదా, పోటుపెడుతున్నదా, మెట్లెక్కితే పెరుగుతున్నదా, వెలుతురూ చప్పుడూ సహించకున్నదా, వాంతి తెప్పిస్తున్నదా అని ఓపికగా అడిగి, మూడు నెలలపాటు నొప్పి వచ్చిన తేదీలూ, వేసుకున్న మాత్రలూ, నెలసరీ, షిఫ్టూ వ్రాసుకురమ్మని చెప్పడమే అందులో ముఖ్యం. ఒక్కసారిగా విరుచుకుపడిన నొప్పి, జ్వరంతోనో కాలుసేయి పట్టుతప్పడంతోనో వచ్చిన నొప్పి, యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన నొప్పి మాత్రం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చవలసినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సుమట్రిప్టాన్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. ఇక పాడేరు కొండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఆ మాత్రతోపాటు, ఆ ప్రశ్నలన్నీ అడిగేటంత సమయం గల వైద్యుడు ఉండేట్లు చూడవలసిన పని ప్రభుత్వానిది.